టెన్త్ క్లాసు నాటి పాటలు మళ్ళీ వినాలంటే: అటక మీది క్యాసెట్ దింపే పద్ధతి

ముందుగా ఒక పని మానండి. ఫోన్ తీసి ‘తొంభైల నాటి హిట్ సాంగ్స్’ అని వెతికి, పైన కనిపించిన జూక్‌బాక్స్ నొక్కకండి. ఆ ఏడాది ఊరంతా విన్న పాటలు అందులో ఉంటాయి. మీరు టెన్త్‌లో ఉండగా లైటు ఆర్పేశాక, సౌండ్ బాగా తగ్గించి, స్పీకర్‌కి చెవి ఆనించి విన్నవి మాత్రం రెండో మూడో ఉంటాయి. అవీ వరస తప్పి ఉంటాయి.

వరసతో ఏం పని అంటారా? నా సంగతి చెబుతాను. 1995లో నేను తణుకులో టెన్త్ చదువుతున్నాను. ఇంట్లో ఒక టూ ఇన్ వన్, అంటే రేడియో, టేప్ రికార్డర్ కలిసిన పెట్టె ఉండేది. దాని మీద సర్వహక్కులూ అన్నయ్యవి. సినిమా వచ్చిన ప్రతిసారీ క్యాసెట్ కొనే స్తోమత లేదు కాబట్టి, వాడు ఒక కాగితం మీద పాటల చీటీ రాసి, ఖాళీ క్యాసెట్ కొని, బజార్లో రికార్డింగ్ షాపులో ఇచ్చి వచ్చేవాడు. మూడు నాలుగు రోజులకి పాటలు ఎక్కించి ఇచ్చేవారు. సైడు నిండిపోతే పాట ఎక్కడుంటే అక్కడ ఆగిపోయేది. అలా మా క్యాసెట్ ‘ఏ’ సైడు చివరి పాట రెండో చరణం మధ్యలో తెగింది. ఇప్పటికీ ఆ పాట ఎక్కడైనా పూర్తిగా వినిపిస్తే, ఆ చోటు దాటగానే నాకు ఎవరింట్లోకో చెప్పకుండా వెళ్ళినట్టుంటుంది. అలాగే మూడో పాట అయిపోగానే చెవి నాలుగో పాట వయొలిన్ల కోసం ఎదురుచూస్తుంది. ఆ రెండు పాటలకీ ఏ సంబంధమూ లేదు. సినిమాలు వేరు, సంగీత దర్శకులు వేరు. చీటీలో అన్నయ్య ఒకదాని కింద ఒకటి రాశాడు, అంతే.

అందుకే నేను చెప్పేది పాటల గురించి కంటే మీ దగ్గరున్న ఆ ఒక్క కాపీ గురించి. అది దొరికితే సరే. దొరక్కపోతే ఏం చేయాలో కూడా కింద రాశాను.

ముందు చీటీ రాయండి

కాగితం, పెన్ను తీసుకోండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి. గుర్తున్న పాటలు రాయండి. ఒక్కరోజులో అవదు, మూడు రోజులు వంటింట్లో ఫ్రిజ్ మీద ఆ కాగితం ఉంచండి. కూరగాయలు తరుగుతుంటే ఒకటి గుర్తొస్తుంది, బండి మీద వెళ్తుంటే ఒకటి.

సినిమా పేర్లు తలుచుకుంటే పెద్దగా రావు. చోట్లు తలుచుకోండి. ట్యూషన్‌కి వెళ్ళే దారిలో టీకొట్టు రేడియో. జనరంజనిలో శ్రోతల పేర్లు చదువుతూ వేసినవి. శుక్రవారం చిత్రలహరి కోసం పక్కింటి వాళ్ళ టీవీ ముందు కింద కూర్చుని చూసినవి. ఎదురింటి పెళ్ళిలో మైకు సెట్‌వాడు తెల్లవారుజామున వేసి లేపినవి. కాలేజీ బస్సు డ్రైవర్ దగ్గర ఉన్న ఒకే ఒక్క క్యాసెట్. ఇలా తలుచుకుంటే మీరు ఎప్పుడూ ఎవరికీ చెప్పని ఇష్టాలు కూడా బయటికొస్తాయి. నా చీటీలో ఒక ఫ్లాప్ సినిమా పాటలు నాలుగు వచ్చాయి. ఆ సినిమా నేను ఇప్పటికీ చూడలేదు.

మాటలు తప్పుగా గుర్తుంటే అలాగే రాయండి, దిద్దకండి. ఒక పల్లవిలో ‘విరహం’ అన్న మాటను నేను రెండేళ్ళు ‘విరామం’ అని పాడాను. స్కూల్లో రోజూ వినే మాట అదే కదా. సరైన మాట తెలిసినప్పుడు సిగ్గేసింది కానీ, ఇప్పటికీ నోరు మాత్రం విరామమే అంటుంది.

నలభై దాటిన వాళ్ళకి పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ లోపు సంగతులు మిగతా వయసుల కంటే ఎక్కువ గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. కాబట్టి నిన్న కొత్తిమీర తెచ్చారో లేదో గుర్తులేకపోయినా, ఈ చీటీ నిండుతుంది. కంగారు పడకండి.

క్యాసెట్ దొరికాక చేయకూడనివి

అటక మీద, ట్రంకు పెట్టెలో, తీసుకెళ్ళి తిరిగివ్వని పిన్ని కొడుకు దగ్గర, ఎక్కడో ఒకచోట ఉంటుంది. దొరకగానే మెషిన్‌లో పెట్టి ప్లే నొక్కాలనిపిస్తుంది. ఆగండి. పాతికేళ్ళు ఎండకీ చెమ్మకీ ఉన్న రీలు అది. వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అరవై నిమిషాల క్యాసెట్ అయితే పొడవు దాదాపు 86 మీటర్లు. తొంభై నిమిషాలది ఇంకా పల్చన, త్వరగా చిక్కుకుంటుంది.

వెలుతురులో కిటికీ దగ్గర పట్టుకుని, మధ్యలో ఉన్న పారదర్శకమైన ముక్కలోంచి రీలు చుట్ట చూడండి. నున్నగా గోధుమ రంగులోనో నల్లగానో ఉంటే మంచిది. తెల్లటి పొడి, మచ్చలు కనిపిస్తే అది బూజు. కోస్తా ఊళ్ళ ఇళ్ళలో ఇది మామూలే. బూజు పట్టినదాన్ని మెషిన్‌లో పెడితే హెడ్డు, అంటే రీలు మీది పాటని చదివే భాగం పాడవుతుంది, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్లకీ అది అంటుకుంటుంది. దాన్ని విడిగా ఒక కవర్‌లో పెట్టి పక్కన ఉంచండి. కొంచెం బూజే అయితే ముక్కుకు మాస్కు కట్టుకుని, ఆరుబయట, మెత్తటి పొడి బట్టతో ఓపిగ్గా తుడుచుకోవచ్చు. బాగా పట్టి ఉంటే తెలిసినవాళ్ళకి ఇవ్వడమే మేలు.

తర్వాత కింది అంచున చూడండి. రీలు వెనకాల, చిన్న రాగి రంగు స్ప్రింగు మీద వేలిగోరంత స్పాంజి ముక్క ఉండాలి. రీలుని హెడ్డుకి ఆనించి ఉంచేది అదే. జిగురు ఎండి అది ఊడిపోయి ఉంటే పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు వినిపిస్తుంది. మన క్యాసెట్ పోయిందనుకుని పారేసేవాళ్ళలో చాలామంది ఇక్కడే పొరపడతారు. పనికిరాని ఇంకో క్యాసెట్, అంటే ఏదో ఇంగ్లీషు స్పీకింగ్ కోర్సు లాంటిది తీసుకుని, దాని స్పాంజి, స్ప్రింగు ఇందులోకి మార్చండి. మూలల్లో నాలుగు, మధ్యలో ఒకటి మరలు ఉన్న క్యాసెట్ అయితే చిన్న స్క్రూడ్రైవర్‌తో తెరుచుకుంటుంది. మరలు లేకుండా అతికించిన రకం అయితే బ్లేడుతో జాగ్రత్తగా విప్పి, లోపలి చుట్టలు రెండూ మరలున్న డొక్కులోకి మార్చాలి. చుట్టలు చేతిలోంచి జారితే ఆ సాయంత్రం గోవిందా. పళ్ళెంలో పెట్టుకుని చేయండి, ఫ్యాన్ ఆపి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. క్యాసెట్ పై అంచున రెండు చివరలా చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి. అవి ఉంటే రికార్డు బటన్ పనిచేస్తుంది, అంటే చెరిగిపోయే ప్రమాదం ఉంది. ఏ సైడు మీకు ఎదురుగా ఉంటే దాని రేకు ఎడమ పక్కది. రెండూ విరిచేయండి. ఇది నాకెలా తెలుసంటే, మా క్యాసెట్ బి సైడు నాలుగో పాటలో మొదటి చరణం మధ్య నాలుగు సెకన్ల పాటు పాట మాయమై, గుర్రుమని ఏదో శబ్దం వస్తుంది. అన్నయ్య అది షాపువాడి నిర్వాకమే అనుకుని వెళ్ళి గొడవ పెట్టుకుని, ఇంకో క్యాసెట్‌కి డబ్బులు తగ్గించుకుని వచ్చాడు. ఎందుకైనా మంచిదని ఆ రోజే అన్ని క్యాసెట్ల రేకులూ విరిచాడు. నేను పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను.

చివరగా, ప్లే చేసే ముందు ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్ళీ వెనక్కి చుట్టండి. ఏళ్ళ తరబడి అతుక్కుని ఉన్న చుట్ట వదులవుతుంది. మెషిన్ మీద నమ్మకం లేకపోతే నటరాజ్ పెన్సిల్ ఉంది కదా. ఆ ఆరు పలకలు క్యాసెట్ పళ్ళకి సరిగ్గా సరిపోతాయి. టీవీ చూస్తూ తిప్పుకోవచ్చు.

మెషిన్

ఇంట్లో పాత టూ ఇన్ వన్ ఉంటే దాన్నే బాగుచేయించండి. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తూ రీలు కదలడం లేదంటే బెల్టు పోయినట్టు. రబ్బరు బెల్టులు ఏళ్ళకి సాగిపోతాయి, కొన్ని కరిగి తారులా అంటుకుంటాయి. బెల్టు ధర తక్కువే, దాన్ని వేయగల మనిషి దొరకడమే కష్టం. మీ ఊళ్ళో టీవీలు, మిక్సీలు బాగుచేసే పెద్దాయన ఉంటాడు, ఆయన్ని అడగండి. పాత టేప్ రికార్డర్ చూడగానే ఆయన ముందు పది నిమిషాలు కబుర్లు చెబుతాడు. వినండి, పని బాగా చేస్తాడు.

ఆన్‌లైన్లో దొరికే చవక యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లు నాకు నచ్చలేదు. వాటిలో పాట ఊగుతుంది. సన్నాయి విన్నప్పుడు తేడా ఇట్టే తెలిసిపోతుంది.

హెడ్డు శుభ్రం చేయడానికి ఎలక్ట్రానిక్స్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకోండి. చెవిలో పెట్టుకునే దూది పుల్లని అందులో ముంచి హెడ్డు మీద, పక్కనున్న ఇనప కడ్డీ మీద రుద్దండి. గోధుమ రంగు మడ్డి వస్తుంది. పుల్ల తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి తుడవండి. రబ్బరు చక్రానికి మాత్రం తడి బట్ట చాలు. ఆరాక, ముందు అక్కరలేని క్యాసెట్ ఒకటి వేసి చూడండి. అది నలగకుండా బయటికొస్తేనే మీది పెట్టండి.

అన్నీ బాగున్నా పాట మొద్దుగా ఉందనుకోండి, ఇంకో కిటుకు ఉంది. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న సన్నటి మర ఒకటి ఉంటుంది. రికార్డ్ చేసిన షాపు మెషిన్ హెడ్డు ఏ కోణంలో ఉందో మీ హెడ్డు కూడా అదే కోణంలో ఉండాలి. పాట నడుస్తుండగా ఆ మరని పావు వంతు కూడా కాదు, వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పండి. ఒక్కచోట తాళాలు, గజ్జెలు, గాయని ‘స’కారాలు ఒక్కసారిగా తేటగా వినిపిస్తాయి. అక్కడ ఆపండి. నేను ఆ మర తిప్పుతూ, ముప్పై ఏళ్ళుగా వింటున్న పాటలో ఒక ఫ్లూట్ ఉందని మొదటిసారి తెలుసుకున్నాను.

కంప్యూటర్‌లోకి

పాత రీలుని పదిసార్లు తిప్పడం మంచిది కాదు. ఒకసారి సరిగ్గా తిప్పి ఫైల్ చేసుకోండి. టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ పిన్నులోంచి వైరు తీసి ల్యాప్‌టాప్‌కి ఇవ్వాలి. చాలా ల్యాప్‌టాప్‌ల మైకు పిన్నులోకి ఒకే చానల్ వెళ్తుంది, కాబట్టి స్టీరియో లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనండి. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. 44,100 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియో చాలు. పెద్ద శబ్దం వచ్చినప్పుడు కూడా ముల్లు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గరే ఆగేలా వాల్యూమ్ పెట్టుకోండి, ఎర్రగీత తగిలితే ఆ పగుళ్ళు తర్వాత పోవు. అరగంట సైడుకి అరగంట పడుతుంది, దీనికి అడ్డదారి లేదు. అరవై నిమిషాలకి వేవ్ ఫైల్ దాదాపు 600 ఎంబీ వస్తుంది. దాన్ని నాణ్యత పోకుండా సైజు తగ్గించే ఫ్లాక్ ఫైల్‌గా మార్చి దాచుకుని, ఫోన్‌లోకి ఎంపీత్రీ చేసుకోండి.

ఇదంతా నావల్ల కాదని నేను మొదట సిటీలో ఒకచోట ఇచ్చాను. బాగానే చేశామనుకుని వాళ్ళు పాట వెనకాల వచ్చే రీలు బుసని (హిస్) తీసేశారు, ఖాళీలు కోసేశారు, తెగిపోయిన పాటని అసంపూర్తిగా ఉందని వదిలేశారు, ప్రతి పాటనీ విడి ఫైల్ చేసి అక్షరక్రమంలో పెన్‌డ్రైవ్‌లో పెట్టిచ్చారు. అలా కావాలంటే యూట్యూబ్ ఉండనే ఉంది కదా! బయట చేయిస్తే ముందే చెప్పండి: ఒక్కో సైడు ఒకే ఫైలు, ఏమీ కోయొద్దు, ఏమీ శుభ్రం చేయొద్దు.

ఇంకో చిత్రం జరుగుతుంది, బెదిరిపోకండి. మంచి మెషిన్ మీద మీ క్యాసెట్ మీకు నీరసంగా, బరువుగా అనిపించవచ్చు. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో తిరగాలి. ఇళ్ళలో చాలా మెషిన్లు ఆ వేగం పాటించేవి కావు. ఆరు శాతం వేగం పెరిగితే పాట ఒక స్వరస్థానం పైకి పోతుంది. మా టూ ఇన్ వన్ కాస్త తొందర మనిషి. అందుకే నా చెవిలో బాలుగారి గొంతు ఉండాల్సిన దానికంటే ఇంకొంచెం కుర్రది. ఆడాసిటీలో ‘చేంజ్ స్పీడ్ అండ్ పిచ్’ ఉంటుంది. అసలు ఫైల్‌ని ముట్టుకోకుండా, కాపీ మీద మూడు శాతం పెంచి చూశాను. ఠక్కున మా వరండా వచ్చి కూర్చుంది.

క్యాసెట్ లేకపోతే

మీ చీటీ ఉంది. గూగుల్‌లో మైకు నొక్కి రాగం తీసినా, ఈల వేసినా పాట పట్టుకునే సౌకర్యం 2020 నుంచి ఉంది. తెలుగు పాటలకి కూడా చాలాసార్లు దొరుకుతుంది. డబ్బింగ్ సినిమా అయితే తమిళ పేరుతోనూ వెతకండి. దొరికాక కవర్ వెర్షన్లు, లోఫై, 8డి లాంటివి పక్కన పెట్టి, ఆడియో కంపెనీ సొంత చానల్‌లో ఉన్నదే తీసుకోండి. వీడియో కాదు, ఆడియో. వీడియోలో చరణాలు ఎగిరిపోవడం మామూలు, పైగా మనం ఊహించుకున్న దృశ్యం ఒకటి, తెరమీద హీరోగారు చేస్తున్నది ఇంకొకటి. తర్వాత మీ క్యాసెట్ వరసలో ప్లేలిస్ట్ పెట్టుకోండి. షఫుల్ ఆపేయండి.

వెతుకుతుండగానే ఎవరు రాశారో చూడండి. రికార్డింగ్ క్యాసెట్ల మీద ఆ పేర్లు ఉండేవి కావు కాబట్టి మనకి తెలియవు. మా పన్నెండు పాటల్లో ఐదు వేటూరివని నలభై దాటాక తెలిసింది. 1992 నాటి రోజా తెలుగు పాటలు రాసింది రాజశ్రీ అని కూడా అప్పుడే తెలిసింది. ఇంకో భాష నటుల పెదాలకి సరిపడేలా, కట్టేసిన బాణీలో తెలుగు కుదర్చడం ఎంత కష్టమో ఆలోచిస్తే, అప్పట్లో డబ్బింగ్ పాటలంటే నవ్విన నవ్వులు వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది.

వినే రోజు

ఇంట్లో ఎవరూ లేని అరగంట చూసుకోండి. ఒక సైడు మొదటి నుంచి చివరిదాకా, పాట దాటించకుండా వినండి. పాత్రలు కడుగుతూ వద్దు. నచ్చని పాట వచ్చినా ఉండండి. అప్పట్లో ఫార్వర్డ్ చేస్తే రీలు పోతుందని భయపడి విన్నవే ఇవన్నీ.

కొన్ని పాటలు నిలబడవు. పదిహేనేళ్ళప్పుడు తెగ నచ్చిన ఒక పాటలో, అమ్మాయి వద్దంటుంటే అబ్బాయి వెంటపడటం తప్ప ఇంకేమీ లేదని ఇప్పుడు వింటే అర్థమైంది. బాణీ మాత్రం ఇప్పటికీ బాగుంది. కాలు ఆడింది, మనసు ఒప్పుకోలేదు. రెండూ నిజమే, ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన పనిలేదు.

ఏదైనా పాట రాగానే గుండె పట్టేసినట్టయితే ఆపేయండి. ఆసుపత్రి రోజులు, పోయినవాళ్ళు, కొన్ని పాటలకి అలా అంటుకుని ఉంటారు. ఇంకోరోజు చూద్దురుగాని, చూడకపోయినా ఎవరూ అడగరు.

అతిగా వినకండి. ఇది నేను చేసిన తప్పు. నాకు ప్రాణమైన పాటని దొరికిన వారంలో రోజుకు పదిసార్లు పెట్టాను. ఇప్పుడు అది వింటే తణుకు రావడం లేదు, ఆ వారం మా అపార్ట్‌మెంట్లో జరిగిన లిఫ్టు రిపేరు గుర్తొస్తోంది. అందుకని చీటీలో రెండు మూడు పాటలు వినకుండా అట్టేపెట్టాను. మీరూ అట్టేపెట్టండి.

పంచుకోవాలనిపిస్తే ఫ్యామిలీ గ్రూపులో పడేయకండి. శుభోదయాల మధ్య కొట్టుకుపోతుంది. అదే క్యాసెట్ విన్న ఒక్క మనిషికి పంపండి. ఎవరికైనా సరే, పంపే ముందు మీరు మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పూర్తిగా వినండి. పాత టూ ఇన్ వన్ స్పీకర్‌లో వినపడనివి వీటిలో వినపడతాయి. నేను వినకుండానే బి సైడు ఫైలు అన్నయ్యకి పంపాను. గంట తర్వాత ఫోన్ చేశాడు.

“నాలుగో పాటలో ఆ గుర్రు ఉంది చూడు, అది ఫ్యాన్ చప్పుడు.”

“ఊఁ.”

“దాని వెనకాల ఎవరో ‘అయ్యబాబోయ్, రికార్డు నొక్కేశాను’ అంటున్నారు. ఆ షాపాయన ఇంకా ఉన్నాడంటావా?”